తోక మీద నంబర్ ఒకటి, ఒంటి మీద అతుకు ఇంకొకటి: ఈ సీ కింగ్ ఏది?

రివెట్_రమణ
నేవీలో ఎయిర్‌ఫ్రేమ్ పని, అంటే హెలికాప్టర్ల ఒంటి పని, చేసి రిటైరయ్యాను. సర్వీసులో సగానికి పైగా సీ కింగ్ హెలికాప్టర్ల కింద వెల్లకిలా పడుకునే గడిచిపోయింది. పోయిన వారం ఒక విమానాల మ్యూజియానికి వెళ్తే ఆరుబయట సిమెంటు దిమ్మ మీద ఒక సీ కింగ్‌ని నిలబెట్టి ఉంచారు. దూరం నుంచి చూడగానే కాళ్లు ఆగలేదు. తీరా చూస్తే తోక మీదున్న నంబర్ నేనెప్పుడూ చెయ్యి వెయ్యని మిషన్‌ది. సరేలే అనుకుని ఊరికే చుట్టూ తిరిగాను. ఎడమ పక్క స్పాన్సన్ ఉంటుంది కదా, చక్రం లోపలికి ముడుచుకునే ఆ బుడ్డి లాంటి భాగం, దాని వెనకాల అరచెయ్యంత అల్యూమినియం అతుకు కనిపించింది. కనిపించింది అనడం కూడా తప్పే, రంగు అంత దట్టంగా పట్టించారు. వేలితో తడిమితే అంచు తగిలింది. పై వరసలో నాలుగో రివెట్, అంటే రేకుల్ని కలిపి బిగించే మేకు, కాస్త కిందికి జారి ఉంది.

ఆ అతుకు వేసింది నేనే. ఆ నాలుగో రివెట్ కోసం మా చీఫ్ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. కానీ నేను అతుకు వేసిన మిషన్ నంబర్ చివరి అంకె 4. ఇక్కడ రాసింది 7. నంబర్ తప్పా, నా జ్ఞాపకం తప్పా? ఎలా తేల్చుకోవాలి? గార్డుని అడిగితే "సార్, ముట్టుకోకండి" అన్నాడు.

సందేహాల_శీను
రివెట్ చూసి హెలికాప్టర్‌ని గుర్తుపట్టేవాళ్లు కూడా ఉంటారా! నా బైక్ నంబరే నాకు గుర్తుండి చావదు.

గాలిమర
మ్యూజియంలో నంబర్ చూసి నమ్మడానికి లేదు రమణ గారూ. సీ కింగ్‌లన్నిటిలోకీ పేరు మోసింది అమెరికా నేవీ వాళ్ల 66 నంబర్‌ది. అపోలో 8, 10, 11, 12, 13 చంద్రయాత్రల వ్యోమగాముల్ని సముద్రంలోంచి ఎత్తుకొచ్చింది అదే. 1975 జూన్‌లో శాన్ డియాగో అవతల సముద్రంలో కూలి మునిగిపోయింది, ఇప్పటికీ అడుగునే ఉంది. మరి శాన్ డియాగోలోనే మిడ్‌వే నౌక మ్యూజియంకి వెళ్తే 66 కనిపిస్తుంది. అలమీడాలో హార్నెట్ నౌక మీద ఇంకో 66 కనిపిస్తుంది. రెండూ వేరే సీ కింగ్‌లకు ఆ రంగులు వేసి, ఆ నంబర్ రాసినవి. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, ఆ నంబర్‌లో నిజం అంతే.

కాలక్షేపం
@గాలిమర వాళ్లు దొంగచాటుగా చేసిన పని కాదుగా. అసలుది దొరకదు కాబట్టి దాని జాతిదాన్నే తెచ్చి అలా ముస్తాబు చేశారు. రాముడి వేషం కట్టినవాణ్ని మోసగాడు అంటామా?

గాలిమర
వేషం కట్టినవాడు నాటకం అయ్యాక కిరీటం తీసేస్తాడు. ఇది ఏళ్ల తరబడి కిరీటంతోనే నిలబడుతుంది. మరి ఆ కిరీటం కిందున్న హెలికాప్టర్ చేసిన పని ఎవరు చెప్తారు? అదీ ఎవరినో ఒకరిని కాపాడే ఉంటుంది.

చరిత్ర_పిచ్చోడు
అసలు 66 కూడా కొంతకాలం 66 కాదు, ఆ సంగతి చాలామందికి తెలీదు. మధ్యలో వాళ్ల నేవీ మూడంకెల నంబర్లకు మారింది. దానికి 740 వచ్చింది. కానీ టీవీలో జనానికి 66 అలవాటైపోయింది కదా, అపోలో దిగే ముందు మళ్లీ 66 రాసేవాళ్లు, పని అయ్యాక 740. అంటే అసలుదానికే వేషం కట్టారు.

కాలక్షేపం
ఇప్పుడేమంటారు గాలిమర గారూ :)

గాలిమర
ఏమంటాను, చాయ్ తాగుతాను.

మేఘన_ఫ్లైట్‌సిమ్
రమణ గారు చెప్పినది ఏ మ్యూజియమో గానీ నేను చూసినదాంట్లో నాకు నంబర్ కంటే రెక్కలు చూసి బాధేసింది. అయిదు రెక్కలూ వాడిపోయిన అరిటాకుల్లా కిందికి వేలాడుతున్నాయి. సరిగ్గా బిగించకుండా వదిలేశారనిపించింది. కనీసం కింద ఏదైనా ఊతం పెట్టొచ్చుగా?

రివెట్_రమణ
అమ్మా, అది బిగించకపోవడం కాదు. అవి అలాగే ఉంటాయి. సీ కింగ్ రోటర్ ఈ చివర నుంచి ఆ చివరకు 18.9 మీటర్లు. అంటే ఒక్కో రెక్క దాదాపు తొమ్మిది మీటర్లు, పట్టు అంతా ఒక్క మొదట్లోనే. ఆగి ఉన్నప్పుడు బరువుకి వంగుతుంది. నిమిషానికి 200 పైచిలుకు చుట్లు తిరిగేటప్పుడు ఆ విసురుకే కర్రలా సాగి నిలబడుతుంది. డ్యూటీలో ఉన్న మిషన్ కూడా డెక్ మీద అలాగే వేలాడేసుకుని ఉండేది. వంగకుండా నిటారుగా ఉన్నాయంటేనే నాకు అనుమానం వస్తుంది, రెక్కలు తీసేసి రేకు బొమ్మలు పెట్టారేమో అని.

పాత లోహపు రెక్కల్లో ఇంకో తమాషా ఉంది. రెక్కకు వెన్నెముకలా ఉండే దూలం లోపల బోలు. అందులో నైట్రోజన్ నింపి ప్రెషర్‌లో ఉంచేవాళ్లు. రెక్క మొదలు దగ్గర చిన్న గాజు కన్ను లాంటి సూచిక ఉంటుంది. ఎక్కడైనా వెంట్రుకంత పగులు వస్తే గ్యాస్ కారిపోయి ఆ కంటి రంగు మారిపోతుంది. పొద్దున్నే మేం ముందు చూసేది ఆ కళ్లనే.

మేఘన_ఫ్లైట్‌సిమ్
ఇన్నాళ్లూ సిమ్యులేటర్‌లో నడిపాను, ఇది తెలీదు. థాంక్స్ అంకుల్.

పెరిస్కోప్
నేను ఆ పక్క మనిషిని. సబ్‌మెరైన్. మీరంతా ముద్దుగా మాట్లాడుకుంటున్న ఈ సీ కింగ్ అంటే మాకు పీడకల. సముద్రం మీద నలభై అడుగుల ఎత్తులో కదలకుండా నిలబడి, తాడు కట్టిన సోనార్ గుండుని, అంటే చప్పుడు పంపి దాని ప్రతిధ్వనితో మమ్మల్ని కనిపెట్టేదాన్ని, నీళ్లలోకి దింపుతుంది. పింగ్... పింగ్... అని వినిపిస్తే లోపల ఎవడికీ ముద్ద దిగదు. ఓడ అయితే వచ్చే చప్పుడు ముందే తెలుస్తుంది. ఇది ఒకచోట ముంచి, ఎత్తి, ఇంకోచోట ముంచుతుంది. తర్వాత ఎక్కడ ముంచుతుందో వాడికే తెలియాలి.

రివెట్_రమణ
@పెరిస్కోప్ మీ ముద్ద దిగకపోవడమే మా జీతం అండీ.

పెరిస్కోప్
అయ్యిందేదో అయ్యింది, మ్యూజియంలో దాని పక్కన ఫోటో దిగాను. నవ్వు మాత్రం రాలేదు.

సందేహాల_శీను
నేను చూసినదాని లోపల నేల మధ్యలో గుండ్రటి పెద్ద రంధ్రం ఉంది. మా వెనకాల వచ్చినాయన వాళ్లావిడకి సీరియస్‌గా "ఇది వాళ్ల బాత్రూం" అని చెప్పాడు.

రివెట్_రమణ
సోనార్ దిగే బావి అది! ఆ మాట మా సోనార్ ఆపరేటర్లు వింటే ఉరేసుకుంటారు. దాని పక్కన సీట్లో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గంటల తరబడి వినేవాళ్లు.

లలిత_భద్రం
ఒక మ్యూజియంలో పాత విమానాలు శుభ్రం చేసే వాలంటీర్‌ని. పేరు చెప్పను. రమణ గారూ, నంబర్ తేల్చుకోవడానికి మేం చేసే పద్ధతి చెప్తాను. రంగు మీద రంగు వేసినా పాత అంకెల అంచు ఎక్కడో ఉబ్బి ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే ఛస్తే కనపడదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు గానీ, చీకట్లో టార్చిని రేకుకు ఆనించి పక్కనుంచి వేసి గానీ చూడండి. నీడలు పడి అంకెలు లేస్తాయి. ఒకసారి అలా చూస్తే ఒకే తలుపు మీద మూడు రకాల అక్షరాలు బయటపడ్డాయి.

రంగుని అసలు నమ్మొద్దు. లోపల తయారీదారు బిగించిన రేకు బిళ్ల మీద చెక్కిన నంబర్ ఉంటుంది. అదే దాని జాతకం. గార్డుని కాదు, లోపల రికార్డులు చూసే మనిషిని అడగండి. "నేను దీని మీద పనిచేశాను" అని చెప్తే తలుపు తెరుస్తారు. మాకు అలాంటివాళ్లు వస్తే పండగే. మా దగ్గరున్న చాలావాటికి కాగితాలు ఉంటాయి గానీ కథలు చెప్పే మనుషులు ఉండరు.

ఉప్పుగాలి
కథల సంగతి సరే లలిత గారూ, ఆరుబయట పెట్టి కుళ్లబెట్టడం గురించి చెప్పండి. ఓడ మీద బతికిన మిషన్ ఎలాగూ గట్టిదే కదా అని ఎండకీ వానకీ వదిలేస్తారు. ఇది ఎక్కడి లాజిక్? ఓడ మీద ఉన్నప్పుడు దాన్ని చూసుకునే మనుషులు ఉన్నారు. ఇప్పుడెవరున్నారు?

రివెట్_రమణ
ఉప్పుగాలి గారు నూటికి నూరుపాళ్లు కరెక్ట్. సముద్రం మీద ఎగిరి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో ఒళ్లంతా కడిగేవాళ్లం. ఇంజిన్ లోపలికీ నీళ్లు కొట్టి ఉప్పు వదిలించేవాళ్లం. సోనార్ కోసం అంత కిందికి దిగి నిలబడితే దాని రోటర్ లేపిన తుంపర దాని మీదే పడుతుంది. పైగా ఇందులో మెగ్నీషియం కలిసిన గేర్‌బాక్స్ తొడుగులు, అల్యూమినియం రేకులు, ఉక్కు బోల్టులు అన్నీ పక్కపక్కనే. వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీళ్లు చేరితే బ్యాటరీ తయారైనట్టే. బలహీనమైన లోహం తెల్లటి పొడిగా రాలిపోతుంది. పైన రంగు నిగనిగలాడుతుంది, కింద పిండి.

లలిత_భద్రం
ఒప్పుకుంటున్నాను. కానీ పందొమ్మిది మీటర్ల రోటర్ ఉన్నదానికి షెడ్డు కట్టాలంటే ఎంత జాగా కావాలో ఆలోచించండి. రెక్కలు మడిచి పెడితే సరిపోతుంది, ఓడల మీద అలాగే పెట్టేవాళ్లు, తోక కూడా మడుస్తారు. అయితే మడిచిపెట్టింది చూడటానికి జనం రారు. రెక్కలు విప్పి పెట్టమంటారు.

ఇంకో మాట. మ్యూజియంకి వచ్చేసరికి అందులోంచి చాలా తీసేస్తారు. ఇంధనం, హైడ్రాలిక్ ఆయిల్, బ్యాటరీలు సరే. మనుషుల్ని పైకి లాగే వించ్ తాడుని అత్యవసరంలో తెగ్గొట్టే చిన్న పేలుడు గుళికలు, మంటలార్పే సీసాల్లో ఉండే గుళికలు, ఇవన్నీ లెక్కపెట్టి తియ్యాలి. కొన్ని అమెరికా రకాల్లో రెక్క పగులుని గాల్లో ఉండగానే కాక్‌పిట్‌కి చెప్పే సూచికల్లో స్ట్రాన్షియం-90 అనే రేడియోధార్మిక పదార్థం ఉండేది. అందుకే "ఎందుకు ముట్టుకోనివ్వరు" అని గార్డుల మీద కోప్పడకండి.

సందేహాల_శీను
అమ్మో. నేను ఒకసారి చక్రం మీద కూర్చుని సెల్ఫీ దిగాను.

లలిత_భద్రం
చక్రంలో ఏమీ లేదు. కానీ మీలాంటివాళ్ల కోసమే ఇరుసు కింద స్టాండు పెడతాం.

బోల్టుబాబాయ్
ఇది పడవలా నీళ్ల మీద దిగుతుందని విన్నాను. కింద ఆకారం కూడా పడవలాగే ఉంటుంది. మరి ఉప్పు తుంపరకే ఇంత రాద్ధాంతం ఎందుకు?

రివెట్_రమణ
దిగగలదు, నిజమే. అడుగు పడవ ఆకారం, పక్కన స్పాన్సన్‌లలో గాలితిత్తులు. కానీ ఇంజిన్లూ గేర్‌బాక్సూ రోటరూ అన్నీ నెత్తి మీద. అల ఒకటి పక్కనుంచి కొడితే బోర్లా పడే ప్రమాదం ఉంటుంది. ప్రాణాలు దక్కించుకోవడానికి ఆ ఏర్పాటు, షికారుకి కాదు. తలబరువు అంటే ఏంటో దాన్ని చూసి నేర్చుకోవాలి.

చరిత్ర_పిచ్చోడు
ఒక్కటి చెప్పి పక్కకు తప్పుకుంటాను. సీ కింగ్ మొదట ఎగిరింది 1959 మార్చిలో. 1962లో గంటకు 339 కిలోమీటర్ల వేగం అందుకుంది, గంటకు 200 మైళ్లు దాటిన మొదటి హెలికాప్టర్ రికార్డు అదే. 1965లో ఒకటి అమెరికా పడమటి తీరంలో ఒక ఓడ మీద లేచి, ఎక్కడా దిగకుండా, తూర్పు తీరంలో ఇంకో ఓడ మీద వాలింది. దాదాపు 16 గంటలు! కెనడా వాళ్లయితే 1963లో తీసుకుని 2018 దాకా వదల్లేదు. తాత ఎగిరించిన రకాన్నే మనవడూ ఎగిరించొచ్చు. అలాంటిదాని గురించి బోర్డు మీద పొడవు, బరువు, వేగం అని మూడు ముక్కలు రాసి ఊరుకుంటారు.

కాలక్షేపం
స్కాట్లాండ్‌లో ఒక పొలంలో పాత సీ కింగ్‌లో మంచాలు వేసి అద్దెకిస్తున్నారు. పడుకుని రావచ్చు. బోర్డు కంటే అది నయం.

బోల్టుబాబాయ్
రమణ గారు చూసింది బ్రిటన్‌లో తయారైనదా, అమెరికాదా? మన నేవీ దగ్గర రెండూ ఉండేవిగా. జలాశ్వ ఓడతో పాటు 2007లో వచ్చిన యూహెచ్-3హెచ్ రకం సీ కింగ్‌లు అమెరికావి, 2024 జూన్‌లో విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో వాటికి వీడ్కోలు చెప్పారు. 1971 నుంచి వచ్చినవి బ్రిటన్ కంపెనీ వెస్ట్‌లాండ్ వాళ్లవి.

రివెట్_రమణ
వెస్ట్‌లాండే. యూహెచ్-3హెచ్‌లలో సోనార్ తీసేసి ఉంటుంది. అవి మనుషుల్ని కాపాడటానికీ సరుకులకీ వాడినవి. ఇది పూర్తిగా సబ్‌మెరైన్‌లని వేటాడినది. పెరిస్కోప్ గారికి తెలిసిన రకం.

పెరిస్కోప్
మళ్లీ గుర్తుచెయ్యకండి.

ఉప్పుగాలి
రమణ గారూ, అసలు సంగతి ఎటో పోయింది. మళ్లీ వెళ్లారా లేదా?

రివెట్_రమణ
వెళ్లాను. నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

లలిత గారు చెప్పినట్టే సాయంత్రం అయిదున్నరకి వెళ్లాను. ఎండ పక్కనుంచి పడుతోంది. కాక్‌పిట్ కింద ముందు వైపు కూడా ఆ చివరి అంకె 7 నంబరే తెల్లగా రాసి ఉంది. చెంప రేకుకు ఆనించి కన్ను చికిలించి చూశాను. 7 కింద 4 ఉంది. 4లో అడ్డగీత మాత్రమే ముందు కనపడింది, ఆ తర్వాత మిగతాది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. గార్డు మళ్లీ వచ్చాడు. ఈసారి అతన్నీ చూడమన్నాను. చూసి, "అవును సార్!" అని తనే లోపలికి పరిగెత్తి ఆఫీసరు గారిని పిలుచుకొచ్చాడు.

ఆయన మంచివాడు. తాళం తీయించారు. లోపల బిళ్ల మీద నంబర్ మా మిషన్‌దే. మరి తోక? నిచ్చెన వేయించుకుని తోక మడిచే కీలు దగ్గర చూశాను. బోల్టుల చుట్టూ రంగు తేడా ఉంది, కీలుకు అటు ఒక బూడిద రంగు, ఇటు ఇంకో బూడిద రంగు. లోపల భాగానికి వేరే బిళ్ల ఉంది. ఆ తోక 7ది. ఎప్పుడో మా దాని తోక దెబ్బతినో, గడువు తీరో, విప్పేసి 7ది తెచ్చి బిగించారు. మ్యూజియంకి ఇచ్చేటప్పుడు తోక మీద నంబర్ ఒక్కటే స్పష్టంగా ఉంది కాబట్టి రంగులు వేసినవాళ్లు ముందూ వెనకా అదే రాసేశారు. ఎవరూ అబద్ధం ఆడలేదు.

గాలిమర
అంటే తల ఒకరిది, తోక ఒకరిది!

కాలక్షేపం
తలాతోకా లేని మాట అంటాం గానీ, ఇది తలాతోకా ఎక్కువైన కేసు.

బోల్టుబాబాయ్
అయితే ఇప్పుడు అది 4వా, 7వా?

లలిత_భద్రం
రికార్డుల్లో ఒంటిది ఏ నంబరైతే హెలికాప్టర్‌దీ అదే. రోటర్, తోక, ఇంజిన్లు అన్నీ సర్వీసులో ఉన్నప్పుడే మారుతూనే ఉంటాయి, దేని గంటల లెక్క దానికే వేరు. కాబట్టి 4.

గాలిమర
నేను ఒప్పుకోను. 7 తోక, దాని మీది చిన్న రోటర్ లేకపోతే 4 గాల్లో ఒక్క నిమిషం నిలబడేది కాదు, గిరగిరా తిరిగి పడేది. తోకకీ బోర్డు మీద రెండు లైన్లు ఇవ్వాలి. నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే, కింద ఉన్నది ఏదో రాయండి అని.

ఉప్పుగాలి
ఈసారికి గాలిమరతో ఏకీభవిస్తున్నాను, తేదీ రాసి పెట్టుకోండి.

రివెట్_రమణ
ఆఫీసరు గారు బోర్డు మార్చడానికి పైవాళ్లకు రాస్తానన్నారు. పక్కన పెట్టడానికి నన్నో పేజీ రాసి ఇమ్మన్నారు. సోనార్ బావి గురించి, రెక్కల కళ్ల గురించి, తోక గురించి రాస్తున్నాను. శీను గారు చెప్పిన బాత్రూం కోసం బాణం గుర్తు వేసి మరీ రాస్తాను. అతుకు మీద మాత్రం మళ్లీ రంగు వెయ్యొద్దని అడిగాను, చూద్దాం.

మేఘన_ఫ్లైట్‌సిమ్
ఆ నాలుగో రివెట్ ఫోటో పెట్టండి అంకుల్, ప్లీజ్. మీ చీఫ్ గారు ఉన్నారా? ఆయనకి పంపారా?

రివెట్_రమణ
ఉన్నారమ్మా, ఎనభై దాటాయి. నిన్న రాత్రి పంపాను. పొద్దున్న జవాబు వచ్చింది. "ఇంకా వంకరగానే ఉంది."